వీసెంటర్‌లో సగానికి పైగా ఖాళీ, ఆరేలో 88 శాతం ఫుల్: ఏ అంకెను నమ్మి స్టోరేజ్ ఇవ్వాలి?

మీ సమస్య నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. ఫైబర్ ఛానెల్ (సర్వర్లను స్టోరేజ్‌కి కలిపే నెట్‌వర్క్) మీద ఒక స్టోరేజ్ ఆరే (చాలా డిస్కులున్న స్టోరేజ్ పెట్టె) ఉంది, అందులో వాడుకోగలిగిన పూల్ (ఆ డిస్కుల ఉమ్మడి చోటు) 100 టీబీ. దాన్నుంచి ఒక్కోటి 16 టీబీ చొప్పున 10 థిన్ లన్‌లు (సర్వర్‌కి డిస్కుల్లా కనిపిస్తూ, రాసినప్పుడే పూల్‌లో చోటు తీసుకునేవి) వీఎంవేర్ క్లస్టర్‌కి (వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు నడిపే హోస్ట్ సర్వర్ల గుంపుకి) ఇచ్చారు. ఆ క్లస్టర్‌ని చూసుకునే కన్సోల్ వీసెంటర్‌లో అన్ని డేటాస్టోర్లూ (ఆ లన్‌ల మీద వీఎం ఫైళ్లు ఉండే చోట్లు) కలిపి 160 టీబీలో 74 వాడినట్టు, 86 ఖాళీ ఉన్నట్టు చూపిస్తోంది. ఆరే కన్సోల్‌లో చూస్తే పూల్ 88 శాతం నిండిందని వార్నింగ్. డేటాని కుదించి చోటు మిగిల్చే డీడూప్, కంప్రెషన్ ఆన్‌లో లేవు. కొత్త ప్రాజెక్ట్ వాళ్లు 20 టీబీ అడిగారు, మీ మేనేజర్ వీసెంటర్ చూసి "86 ఖాళీగా ఉంది కదా, ఇచ్చేయండి" అంటున్నారు, మీకేమో టెన్షన్.

మీ టెన్షన్‌లో న్యాయం ఉంది. ఇవాళ ఆ 20 టీబీ ఇవ్వకండి. డిస్కులు ఉన్నది ఆరేలో, కాబట్టి చోటు ఉందా లేదా అన్న మాట వచ్చినప్పుడు ఆరే పూల్ చెప్పిందే లెక్క. వీసెంటర్ అబద్ధం చెప్పట్లేదు, దానికి తెలిసింది అంతే. మీరు 16 టీబీ లన్ ఇస్తే అది 16 టీబీ డిస్క్ అనే వీఎంఎఫ్‌ఎస్ (డేటాస్టోర్‌లో వీఎంవేర్ వాడే ఫైల్ సిస్టమ్) అనుకుంటుంది, వెనకాల పూల్‌లో అంత సరుకు ఉందో లేదో దాని లెక్కల్లోకి రాదు. పెళ్లికి వెయ్యి కార్డులు పంచి ఆరొందల మందికి వండించడం లాంటిది థిన్ ప్రొవిజనింగ్. మామూలుగా సరిపోతుంది, అందుకే అందరూ చేస్తారు, కానీ ఎన్ని కార్డులు పంచామో ఒకరు లెక్క పెట్టుకుంటూ ఉండాలి. మీ దగ్గర 100కి 160 ఇచ్చారు, అంటే 1.6 రెట్లు. ఇంకో 20 ఇస్తే 1.8. ఆ నిష్పత్తి దానంతట అది భయపడాల్సిందేమీ కాదు, నేను అంతకన్నా ఎక్కువ నిష్పత్తితో ఏళ్ల తరబడి ప్రశాంతంగా నడిచిన పూల్స్ చూశాను. 88 శాతం నిండిన పూల్ మీద దాన్ని ఇంకా పెంచడం మాత్రం తప్పు.

ఇప్పుడు 74కీ 88కీ మధ్య ఆ 14 టీబీ ఎక్కడుందో చూద్దాం, మీ పనంతా అక్కడే ఉంది.

మొట్టమొదట యూనిట్లు సరిచూసుకోండి. వీసెంటర్ టీబీ అని రాసినా లోపల 1024 లెక్కలోనే చూపిస్తుంది. ఆరే కన్సోల్ కొన్నిట్లో 1000 లెక్క, కొన్నిట్లో 1024 లెక్క, కొన్నిట్లో సెట్టింగ్‌లో మార్చుకోవచ్చు. టీబీ దగ్గరికి వచ్చేసరికి ఈ తేడా దాదాపు పది శాతం. మీ ఆరే 1000 లెక్కలో చూపిస్తుంటే వీసెంటర్‌లోని 74 అక్కడ 81 పైచిలుకు అవుతుంది, అంటే మీరు 14 అనుకుంటున్న తేడా ఏడు కంటే తక్కువకు పడిపోతుంది. చాలామంది ఇది చూసుకోకుండా లేని చోటు కోసం రోజంతా వెతుకుతారు. రెండూ ఒకే యూనిట్‌లో ఉన్నాయనుకుని మిగతాది రాస్తున్నాను.

మిగిలిన తేడా ఎక్కువగా రెండు చోట్ల ఉంటుంది. ఒకటి ఆరే స్నాప్‌షాట్లు (ఒక క్షణంలో డేటా ఎలా ఉందో పట్టి ఉంచే ప్రతులు), రెండోది డిలీట్ అయినా ఆరేకి ఆ కబురు అందని బ్లాకులు.

రెండోది కాస్త వివరంగా చెప్తాను. ఒక వీఎంని డిలీట్ చేశారు. వీఎంఎఫ్‌ఎస్ తన పట్టికలో ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుంది, వీసెంటర్‌లో ఫ్రీ స్పేస్ వెంటనే పెరుగుతుంది. ఆరేకి మాత్రం ఆ బ్లాకుల్లో ఎప్పుడో డేటా రాశారని తెలుసు, ఇప్పుడు అక్కర్లేదని ఎవరో చెప్తే తప్ప తెలీదు. ఆ చెప్పే కమాండే అన్‌మ్యాప్. 2011లో తన వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ వీస్ఫియర్ 5.0తో వీఎంవేర్ దీన్ని ఆటోమేటిక్‌గా తెచ్చింది, కానీ చాలా ఆరేలు ఆ కమాండ్లకు నెమ్మదిగా జవాబివ్వడంతో స్టోరేజ్ వీమోషన్ (నడుస్తున్న వీఎం ఫైళ్లను ఇంకో డేటాస్టోర్‌కి తరలించడం) లాంటి పనులు ఇరుక్కుపోయాయి, దాంతో ఒక ప్యాచ్‌లో దాన్ని ఆఫ్ చేసేశారు. ఆ తర్వాత కొన్నేళ్లు చేత్తో కమాండ్ కొట్టుకోవడమే. 2016లో 6.5తో వీఎంఎఫ్‌ఎస్-6 వచ్చాక మళ్లీ ఆటోమేటిక్ అయింది. కాబట్టి మీ 10 డేటాస్టోర్లలో ఏవి వీఎంఎఫ్‌ఎస్-5, ఏవి 6 అన్నది ఇప్పుడే చూడండి. హోస్ట్‌ని ఎన్నిసార్లు అప్‌గ్రేడ్ చేసినా డేటాస్టోర్ దానంతట అది 6 అవ్వదు, ఉన్నచోటే 5ని 6గా మార్చే దారి లేదు, కొత్తది చేసి వీఎంలను అక్కడికి తరలించాల్సిందే. పాత క్లస్టర్లలో ఇంకా 5 మిగిలి ఉండటం నేను తరచూ చూస్తుంటాను. అక్కడ ఏళ్ల నాటి డిలీట్లు అలాగే పేరుకుపోయి ఉంటాయి.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది, దయచేసి ఈ పేరా రెండుసార్లు చదవండి. "సరే, 5 నుంచి 6కి మార్చేద్దాం" అని అదే పూల్ నుంచి కొత్త లన్ తీసి స్టోరేజ్ వీమోషన్ మొదలుపెట్టకండి. తరలించే ప్రతి టీబీ పూల్‌లో కొత్తగా రాసినట్టే. పాత చోటు అన్‌మ్యాప్ అయ్యేదాకా, లేదా ఆ పాత లన్‌ని తీసేసేదాకా తిరిగి రాదు. 88లో ఉన్న పూల్ మీద 10 టీబీ అటూ ఇటూ జరిపితే మధ్యలో 98 తాకుతుంది. స్టోరేజ్ డీఆర్ఎస్ ఫుల్ ఆటోమేటిక్‌లో ఉంటే అది కూడా డేటాస్టోర్లను బ్యాలెన్స్ చేస్తున్నాననుకుని ఇదే పని చేయొచ్చు, ఈ వారం దాన్ని మాన్యువల్‌లో పెట్టండి. వీసెంటర్‌కి అది ఒక డేటాస్టోర్ నుంచి ఇంకో డేటాస్టోర్‌కి మార్పు మాత్రమే, రెండూ ఒకే పూల్ అని మామూలుగా దానికి తోచదు.

స్నాప్‌షాట్ల సంగతి. ఆరే స్నాప్‌షాట్ ఒక బ్లాకుని పట్టుకుని ఉన్నంతకాలం మీరు వీఎం డిలీట్ చేసినా, అన్‌మ్యాప్ వెళ్లినా, ఆ చోటు పూల్‌కి తిరిగి రాదు, లన్ లెక్కలోంచి స్నాప్‌షాట్ లెక్కలోకి మారుతుందంతే. అందుకే "అన్‌మ్యాప్ కొట్టాను, ఒక్క జీబీ కూడా తగ్గలేదు" అని చాలామంది కంగారు పడతారు. వరుస మార్చండి: ముందు స్నాప్‌షాట్ల లిస్ట్ తీసి, ఏది ఏ షెడ్యూల్‌ది, ఎన్నాళ్లు ఉంచాలన్న ఒప్పందం ఉంది అని బ్యాకప్ టీమ్‌తో కూర్చుని తేల్చుకోండి. ఎప్పుడో అప్‌గ్రేడ్ ముందు ఎవరో చేత్తో తీసిన స్నాప్‌షాట్, రెప్లికేషన్ ఆపేశాక దాని తాలూకు మిగిలిపోయిన బేస్ స్నాప్‌షాట్, ఇలాంటివి దాదాపు ప్రతి చోటా దొరుకుతాయి. బ్యాకప్ టీమ్ రాతపూర్వకంగా సరే అన్నాకే తీయండి. బేస్ స్నాప్‌షాట్ పొరపాటున పోతే మొత్తం రెప్లికేషన్ మొదటి నుంచి చేసుకోవాలి.

వీసెంటర్ వైపు తీసే వీఎం స్నాప్‌షాట్లు వేరే తంతు. ఒక్క స్నాప్‌షాట్‌ని 72 గంటలు మించి ఉంచొద్దని వీఎంవేర్ చెప్తుంది, చైన్‌లో 32 దాకా అనుమతించినా రెండు మూడు దాటొద్దనే సలహా. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ జాబ్ మధ్యలో ఫెయిలై వదిలేసినవి స్నాప్‌షాట్ మేనేజర్‌లో కనిపించకపోవచ్చు, డేటాస్టోర్‌లో డెల్టా ఫైళ్లు (స్నాప్‌షాట్ తర్వాతి మార్పులు రాసేవి) మాత్రం పెరుగుతూ ఉంటాయి. వీసెంటర్‌లో కన్సాలిడేషన్ నీడెడ్ అన్న కాలమ్ ఆన్ చేసి చూడండి. ఆర్‌వీటూల్స్ (వీసెంటర్ వివరాల రిపోర్ట్ తీసే టూల్) ఉంటే దాని హెల్త్ ట్యాబ్ జాంబీ వీఎండీకేలు (ఏ వీఎంకీ చెందనట్టు కనిపించే వర్చువల్ డిస్క్ ఫైళ్లు) కూడా చూపిస్తుంది. జాంబీ అన్నాడు కదా అని డిలీట్ కొట్టేయొద్దు. అదే డేటాస్టోర్‌ని ఇంకో వీసెంటర్ వాడుతుండొచ్చు, లేదా కంటైనర్లు నడిపే కుబెర్నెటిస్ వాల్యూమ్ కావచ్చు, వాటికి వీఎం ఉండకపోయినా డేటా బతికే ఉంటుంది. ఫైల్ చివరగా ఎప్పుడు మారింది, లాక్ ఏ హోస్ట్ దగ్గర ఉంది చూసి, ఓనర్‌ని అడిగి అప్పుడు తీయండి.

స్నాప్‌షాట్లు సర్దాక అన్‌మ్యాప్. వీఎంఎఫ్‌ఎస్-6లో ఇది డిఫాల్ట్‌గా లో ప్రయారిటీలో నెమ్మదిగా నడుస్తుంది, వీఎం తీసిన పది నిమిషాలకే పూల్ చూసి పని చేయట్లేదనుకోకండి, ఒక రోజు ఆగండి. 6.7 నుంచి ఫిక్స్‌డ్ రేట్ పెట్టుకోవచ్చు, సెకనుకు 100 ఎంబీ నుంచి 2000 ఎంబీ దాకా, కానీ మీ ఆరే ఎంత తట్టుకుంటుందో తెలీకుండా పైకి లాగొద్దు. వీఎంఎఫ్‌ఎస్-5 మీద అయితే కమాండ్ మీరే కొట్టాలి, ఒక్కో డేటాస్టోర్ చొప్పున, లోడ్ తక్కువున్న రాత్రివేళ, లేటెన్సీ గ్రాఫ్ పక్కన తెరిచి పెట్టుకుని. మీ ఆరే నెట్‌యాప్ కంపెనీ ఓఎన్‌టాప్ మీద నడిచేదైతే లన్ మీద స్పేస్ అలొకేషన్ ఆప్షన్ ఆన్‌లో ఉందా లేదా చూడండి, ఆఫ్‌లో ఉంటే హోస్ట్ ఎన్ని అన్‌మ్యాప్‌లు పంపినా ఫలితం ఉండదు, మార్చడానికి లన్‌ని కాసేపు ఆఫ్‌లైన్ చేయాల్సి రావచ్చు కాబట్టి చేంజ్ విండో తీసుకోండి.

ఆ పైన ఇంకో పొర ఉంది: వీఎం లోపలి ఆపరేటింగ్ సిస్టమ్. లినక్స్‌లో 500 జీబీ లాగ్‌లు డిలీట్ చేస్తే అది లోపలి ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కి తెలుసు, వీఎంఎఫ్‌ఎస్‌కి తెలీదు, ఆరేకి అసలే తెలీదు. ఎఫ్‌ఎస్‌ట్రిమ్ టైమర్ ఆన్ చేస్తే వారానికోసారి అది కబురు పంపుతుంది. విండోస్ సర్వర్ 2012 నుంచి ఆ ఓఎస్ దానంతట అదే చేయగలదు, చేత్తో కావాలంటే ఆప్టిమైజ్ డ్రైవ్స్ ఉంది. కానీ వీఎండీకే థిన్ అయితేనే ఇది పైనుంచి కిందిదాకా చేరుతుంది. థిక్ డిస్క్ (చోటంతా ముందే కేటాయించింది) ఇస్తే ఆ కబురు అక్కడే ఆగిపోతుంది. వీఎం హార్డ్‌వేర్ వెర్షన్ కూడా మరీ పాతదై ఉండకూడదు, విండోస్‌కి 11, లినక్స్‌కి 13 నుంచి మొదలు అనుకోండి.

అందుకే థిన్ మీద థిన్ వద్దని కొందరు గట్టిగా చెప్పే మాటతో నేను ఏకీభవించను. ఆరేలో థిన్, వీఎండీకే కూడా థిన్ పెట్టండి, లేకపోతే చోటు తిరిగి వచ్చే దారే మూసుకుపోతుంది. కానీ ఉన్నదానికంటే ఎక్కువ మాటివ్వడం ఒక్క పొరలోనే చేయండి, అది ఆరేలో. డేటాస్టోర్‌లో ఉన్న వీఎండీకేల మొత్తం ప్రొవిజన్డ్ సైజు డేటాస్టోర్ సైజు దాటనివ్వకండి. రెండు పొరల్లోనూ దాటితే ఏది ముందు నిండుతుందో ఊహించడం ఎవరి వల్లా కాదు.

పూల్ నిజంగా నిండితే ఏమవుతుందో మీ మేనేజర్‌కి ఒకసారి చెప్పండి, ఎందుకంటే "కాస్త స్లో అవుతుందేమో" అని చాలామంది అనుకుంటారు. స్లో అవ్వదు, రాత ఆగిపోతుంది. చోటు అయిపోయినప్పుడు వీఎంలను పాజ్ చేసే ఫీచర్‌ని ఆరే, హోస్ట్ రెండూ సపోర్ట్ చేస్తే కొత్త బ్లాక్ కావాల్సిన వీఎంలు మాత్రం పాజ్ అవుతాయి, లేకపోతే లన్ మొత్తం ఆఫ్‌లైన్ కావొచ్చు. ఒక క్లయింట్ దగ్గర నేను దీన్ని దగ్గర్నుంచి చూశాను. శనివారం రాత్రి డేటాబేస్ టీమ్ మైగ్రేషన్ కోసం ఒక వీఎంకి పెద్ద తాత్కాలిక డిస్క్ తగిలించి దాని మీదకు ఫుల్ బ్యాకప్ తీశారు. వీసెంటర్‌లో చోటు దండిగా కనిపించింది కాబట్టి వాళ్లకు అనుమానం రాలేదు. తెల్లవారుజామున పూల్ నిండింది. వీఎంల మీద ఒక ప్రశ్న వచ్చి కూర్చుంది: ఈ వర్చువల్ డిస్క్‌కి చోటు లేదు, చోటు ఖాళీ చేసి రీట్రై నొక్కండి, సెషన్ ముగించాలంటే క్యాన్సిల్ నొక్కండి. నైట్ షిఫ్ట్‌లో ఉన్న కుర్రాడు ఆ పాపప్ పోతే చాలనుకుని కొన్నిటి మీద క్యాన్సిల్ నొక్కాడు. అవి ఆ క్షణమే పవర్ ఆఫ్ అయ్యాయి, అందులో ఒకటి మెసేజ్ క్యూ సర్వర్. పాజ్‌లో ఉన్న వీఎంకి మెమరీ అలాగే ఉంటుంది, చోటు చూపించి రీట్రై నొక్కితే ఆగిన చోటి నుంచే లేస్తుంది. ఆ అబ్బాయిని తప్పుపట్టడం అన్యాయం, రన్‌బుక్‌లో (ఏది జరిగితే ఏం చేయాలో రాసుకునే పత్రంలో) ఆ వాక్యం ఎవరూ రాయలేదు. మీ రన్‌బుక్‌లో ఇవాళే రాయండి: ఈ ప్రశ్న వస్తే ఏదీ నొక్కకుండా స్టోరేజ్ ఆన్‌కాల్‌కి ఫోన్ చేయాలి.

అక్కడ తర్వాత జరిగింది కూడా మీకు పనికొస్తుంది. తాత్కాలిక డిస్క్ తీసేశారు, కానీ డేటాస్టోర్ వీఎంఎఫ్‌ఎస్-5, పూల్ అంగుళం కూడా తగ్గలేదు. బ్యాకప్ టీమ్ ఒప్పుకుని పాత ఆరే స్నాప్‌షాట్లు తీశాకే ఊపిరి ఆడింది, ఆ తర్వాతే నింపాదిగా అన్‌మ్యాప్ చేశారు. నిండిన పూల్‌కి చోటు ఎక్కడ దొరుకుతుందో నిండకముందే తెలిసి ఉండాలి. కొంతమంది పూల్‌లో రెండు మూడు టీబీ థిక్ వాల్యూమ్ ఒకటి ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టుకుంటారు, ప్రాణం మీదకు వస్తే దాన్ని డిలీట్ చేసి ఆ చోటు వదులుతారు. నాకు ఆ పద్ధతి ఇష్టం, ఆరే ఒప్పుకుంటే మీరూ చేయండి.

అలర్ట్ల విషయానికి వస్తే, 80, 90 అని శాతాలు పెట్టి వదిలేయడం సరిపోదు. వారానికి పూల్ ఎంత పెరుగుతోంది, మీ కొనుగోలుకి ఎన్ని వారాలు పడుతుంది, ఈ రెండూ కలిపి చూడాలి. వారానికి అర టీబీ పెరుగుతోందనుకోండి, 88 నుంచి 95కి 14 వారాలు. బడ్జెట్ అప్రూవల్, పీవో (కొనుగోలు ఆర్డర్), డెలివరీ, ఇన్‌స్టలేషన్ కలిపి మీ కంపెనీలో మూడు నెలలు పడితే ఆర్డర్ పెట్టాల్సిన రోజు ఇదే. మేనేజర్‌కి శాతం చూపిస్తే "ఇంకా 12 ఉంది కదా" అంటారు, తేదీ చూపిస్తే వింటారు. వెండర్ ఆరే లేకుండా నడిపేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఓపెన్ సోర్స్ స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ సెఫ్ డిఫాల్ట్‌గా 85 శాతం దగ్గర నియర్‌ఫుల్ హెచ్చరిక ఇస్తుంది, 95 దగ్గర రాతలు ఆపేస్తుంది, పైగా ఒక నోడ్ పోతే దాని డేటా మిగతా నోడ్ల మీదే సర్దుకోవాలి కాబట్టి ఆ చోటు ఎప్పుడూ మిగిల్చి ఉంచాలి. లినక్స్‌లోని ఎల్‌వీఎం థిన్ పూల్‌లో ఆటో ఎక్స్‌టెండ్ థ్రెషోల్డ్ డిఫాల్ట్ 100, అంటే ఆఫ్ అన్నమాట. డేటా శాతంతో పాటు మెటాడేటా శాతం కూడా చూడాలి, రెండోది నిండినా పూల్ పడిపోతుంది.

రోజువారీ ప్రొవిజనింగ్ గురించి కూడా అడిగారు. జోనింగ్ (నెట్‌వర్క్‌లో ఏ పోర్టు ఏ పోర్టుని చూడాలో), మాస్కింగ్ (ఏ లన్ ఏ హోస్ట్‌కి కనిపించాలో) మీకు వచ్చినట్టే ఉంది, ఒక జోన్‌లో ఒకే ఇనిషియేటర్ (హోస్ట్ వైపు పోర్టు) అన్న పద్ధతి వదలకండి, అంతకుమించి అక్కడ చెప్పేదేమీ లేదు. రిక్వెస్ట్ ఫారంలో సైజుతో పాటు ఈరోజు ఎంత కావాలి, ఆరు నెలల్లో ఎంత, ఓనర్ ఎవరు, ఎప్పుడు తీసేయొచ్చు అన్న కాలమ్స్ పెట్టండి. తీసేసే తేదీ ఖాళీగా వస్తే వెనక్కి పంపండి. అన్సిబుల్ టూల్‌తో ఆటోమేట్ చేయాలనుకుంటున్నానన్నారు, తప్పకుండా చేయండి, కాకపోతే ప్లేబుక్‌లో (దాని స్క్రిప్ట్‌లో) మొదటి టాస్క్ ఆరే ఏపీఐని అడిగి పూల్ ఖాళీ, ఇప్పటికే ఇచ్చిన మొత్తం రెండూ చదవడం అయ్యుండాలి, హద్దు దాటితే అక్కడే ఫెయిల్ కావాలి. వీసెంటర్ ఫ్రీ స్పేస్ చూసి లన్ చేసే ప్లేబుక్ అదే తప్పుని చేతికంటే వేగంగా చేస్తుంది.

తీసేటప్పుడు ఇంకా జాగ్రత్త. లన్‌ని సైజు చూసి గుర్తుపట్టకండి, మీ దగ్గర పదీ 16 టీబీవే. హోస్ట్‌లో కనిపించే ఎన్ఏఏ ఐడీని (లన్‌ ప్రత్యేక గుర్తింపు సంఖ్యని) ఆరేలోని సీరియల్‌తో పోల్చి, ఇద్దరు చూసి ఒప్పుకున్నాకే ముందుకెళ్లండి. డేటాస్టోర్ అన్‌మౌంట్, తర్వాత అన్ని హోస్ట్‌ల మీదా డివైస్ డిటాచ్, ఆ తర్వాతే ఆరేలో మాస్కింగ్ తీయడం. అన్‌మ్యాప్ చేయలేని పాత డేటాస్టోర్ మొత్తంగా ఖాళీ అయితే దాని లన్ తీసేయడమే చోటు వెనక్కి తెచ్చుకునే శుభ్రమైన దారి. ఈ వరుస తప్పి ముందే ఆరేలో లాగేస్తే హోస్ట్‌లు ఆ డివైస్ కోసం వెతుకుతూ ఆల్ పాత్స్ డౌన్ (దాన్ని చేరే దారులన్నీ పోయిన) స్థితిలోకి వెళ్తాయి, డిఫాల్ట్ టైమౌట్ 140 సెకన్లు, ఈలోగా హోస్ట్ వీసెంటర్‌లో స్పందించకుండా పోవడం, పక్క వీఎంలు కూడా ఇబ్బంది పడటం జరుగుతాయి.

చివరిగా మీ 20 టీబీ. మేనేజర్‌కి ఇలా రాయండి: పూల్‌లో నిజంగా మిగిలింది 12 టీబీ, స్నాప్‌షాట్లు సర్ది రిక్లెయిమ్ చేస్తే పూల్ 80 లోపుకి వస్తుందో లేదో ఈ వారం తేలుతుంది, వస్తే ప్రాజెక్ట్‌కి మొదట 4 టీబీ ఇస్తాం, వాడకం చూసి పెంచుతాం, మిగతాదానికి కొత్త డిస్కుల ఆర్డర్ ఇప్పుడే వెళ్లాలి. లన్‌ని, దాని మీద వీఎంఎఫ్‌ఎస్‌ని వీఎంలు నడుస్తుండగానే పెంచొచ్చు, వీఎంఎఫ్‌ఎస్‌ని తగ్గించే వీలు మాత్రం లేదు, కాబట్టి చిన్నగా మొదలుపెట్టడంలో ప్రాజెక్ట్ వాళ్లకు నష్టమేమీ లేదు. మీ హోస్ట్‌ల మీదున్న ఈఎస్‌ఎక్స్ఐ వెర్షన్, ఎన్ని డేటాస్టోర్లు వీఎంఎఫ్‌ఎస్-5, ఆరేలో స్నాప్‌షాట్లు విడిగా ఎంత చూపిస్తున్నాయి, ఈ మూడూ చెప్తే ఆ 14 టీబీలో ఎంత వెనక్కి వస్తుందో ఇంకాస్త కచ్చితంగా లెక్క వేసి చెప్తాను.